బొమ్మలను కూడా చదవాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక సాహిత్య పేజీలో గత వారం ఒక గ్రాఫిక్ నవల మీద వచ్చిన సమీక్షను శ్రద్ధగా చదివాను. బొమ్మల కథను కూడా సమీక్షించదగిన రచనగా గుర్తించి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ సమీక్షలో కథావస్తువు గురించి, పాత్రల గురించి, సంభాషణల గురించి ఆరు పేరాలు ఉన్నాయి. ఆరో పేరా చివరి వాక్యంగా "బొమ్మలు కూడా ఆకట్టుకుంటాయి" అని ఉంది. ఆ బొమ్మలు గీసిన మనిషి పేరు సమీక్షలో ఎక్కడా లేదు. ఇరవై ఏళ్ళకు పైగా బొమ్మల కథలు గీయడమే వృత్తిగా బతుకుతున్నదాన్ని కనుక ఆ ఒక్క వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. సమీక్షకుడిని తప్పుపట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆయన ఆ పుస్తకాన్ని ఇష్టంగా చదివారని ప్రతి పేరాలోనూ తెలుస్తూనే ఉంది. ఆయన మెచ్చుకున్న విషయాల్లో చాలావాటిని చేసింది ఎవరో ఆయనకు తెలియకుండా పోయిందన్నదే నా బాధ.

నేనూ ఆ పుస్తకం చదివాను. కథానాయకుడు రైలు దిగి ఖాళీ ప్లాట్‌ఫారం మీద నిలబడే ఘట్టంలోని నిశ్శబ్దం ఊపిరి బిగబట్టిస్తుందని సమీక్షకుడు రాశారు. ఆ గొప్పతనం రచయిత పొదుపైన శైలిదని కూడా రాశారు. ఆ నాలుగు పేజీల్లో ఒక్క మాట లేదు. వెళ్ళిపోయిన రైలు వెనక మిగిలిన పట్టాలు, ఎవరూ కూర్చోని బల్ల, కిందపెట్టిన పెట్టె, దాని పిడిని ఇంకా వదలని వేళ్ళు, ఇవే ఉన్నాయి. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగాలో, పాఠకుడి కన్ను ఏ బొమ్మ దగ్గర ఆగి ఏ బొమ్మను దాటుకుని పోవాలో నిర్ణయించడం కథ చెప్పడం కాకపోతే మరేమిటో నాకు తెలియదు.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తోందో నాకు అర్థమవుతుంది. పత్రికల్లో కథకు బొమ్మ వేయడం అందరికీ అలవాటైన పద్ధతి. కథ ముందే పూర్తయి ఉంటుంది. చిత్రకారుడు అందులో ఒక సన్నివేశాన్ని ఎంచుకుని బొమ్మ వేస్తాడు. ఆ బొమ్మ ఎంత గొప్పదైనా, దాన్ని చూడకుండా కథ చదివేసే వెసులుబాటు పాఠకుడికి ఉంటుంది. నేనూ అలాంటి బొమ్మలు ఎన్నో వేశాను, ఆ పని మీద నాకు చాలా గౌరవం ఉంది. బొమ్మల కథ పద్ధతి వేరు. అందులో బొమ్మను తీసేస్తే కథ మిగలదు. జెనీవాలో బడి పంతులుగా పనిచేసిన రోడోల్ఫ్ టోప్ఫర్ ఈ మాటను 1837లోనే చెప్పాడు. తన బొమ్మల కథల్లో ఒకదాని గురించి రాస్తూ, కింద రాసిన మాటలు లేకపోతే బొమ్మల అర్థం మసకబారుతుందనీ, బొమ్మలు లేకపోతే ఆ మాటలకు అసలు అర్థమే ఉండదనీ అన్నాడు. ఇప్పుడు మనం కామిక్స్ అంటున్న రూపానికి తొలి అడుగులు వేసినవారిలో ఆయన ఒకడు. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట ఆయన తేల్చి చెప్పిన విషయాన్ని మనం ఇంకా చెప్పుకోవలసి వస్తోంది.

మా పని ఎలా సాగుతుందో ఒక్క ఉదాహరణతో వివరించడానికి అనుమతించండి. కొన్నేళ్ళ కిందట నా చేతికి వచ్చిన స్క్రిప్టులో ఒకచోట ఇలా ఉంది: తలుపు తట్టిన చప్పుడు విని ముసలామె లేచి వెళ్ళి తలుపు తీస్తుంది, బయట ఎవరూ లేరు. అంతే. ఆమె కొడుకు ఇల్లు విడిచి వెళ్ళి ఏళ్ళు గడిచాయని అంతకుముందు పేజీల్లో పాఠకుడికి తెలిసి ఉంటుంది. రచయిత ఆ వాక్యాన్ని సరిగ్గానే రాశారు, ఎక్కువ రాయకపోవడమే ఆయన గొప్పతనం. కానీ ఆ వాక్యాన్ని అలాగే ఒక గడిలో గీస్తే ఒక ముసలామె తలుపు తీసిందని మాత్రమే తెలుస్తుంది. ఆమె ఎన్నేళ్ళుగా ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుందో తెలియదు.

అందుకని అగ్గిపెట్టెంత చిన్న కాగితపు ముక్కల మీద పెన్సిలుతో ఆ పేజీని మళ్ళీ మళ్ళీ గీసుకుంటూ పోయాను. వీటిని మేము థంబ్‌నెయిల్స్ అంటాం. ఇందులో ముఖాలు ఉండవు, నీడలు ఉండవు. మనిషి అంటే ఒక గీత, తలుపు అంటే ఒక చతురస్రం. ఎన్ని గడులు, ఏది పెద్దది, ఏది చిన్నది, ఎవరు ఎటు చూస్తున్నారు, మాట ఎక్కడ పడుతుంది, ఇవి మాత్రమే తేలాలి. ఈ ముక్కలను పాఠకుడు ఎప్పటికీ చూడడు. కథనమంతా నిలబడేది మాత్రం వీటి మీదే. చాలామంది అనుకునేటట్టు ఇంకు, బ్రష్షు, రంగులు పట్టుకున్న రోజున మా పని మొదలు కాదు. నిజానికి అప్పటికి కష్టమైన సగం అయిపోయి ఉంటుంది.

ఆ పేజీ చివరికి ఇలా కుదిరింది. మొదటి గడిలో బట్టలు మడతపెడుతున్న ఆమె చేతులు మాత్రమే కనిపిస్తాయి. రెండో గడిలో అవే చేతులు, అదే బట్ట, మడత సగంలో ఆగి ఉంటుంది; తలుపు చప్పుడును సూచించే అక్షరాలు గడి మూలన చాలా చిన్నవిగా ఉంటాయి. చప్పుడు ఆమెకు ఎంత పెద్దగా వినిపించిందో చెప్పవలసింది అక్షరాల సైజు కాదు, ఆగిపోయిన చేతులు. తరువాతి గడిలో పాదాలు: ఒక పాదం చెప్పులోకి వెళ్ళింది, రెండోది ఇంకా వెతుక్కుంటోంది. ఆ కింద పేజీ వెడల్పంతా పరచుకున్న సన్నని పొడవాటి గడి. ఎడమ చివర ఆమె, కుడి చివర తలుపు. తెలుగు చదివే కన్ను ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతుంది కాబట్టి ఆమె రెండడుగులు వేసేలోపే పాఠకుడు తలుపు దగ్గరికి చేరుకుని ఆమె కోసం ఎదురుచూస్తాడు. ఆ తరువాత ఒకే కొలత గల మూడు గడులు: గోడ పట్టుకున్న చెయ్యి, గోడ వదిలిన చెయ్యి, గడియ మీద వేళ్ళు. పేజీ అక్కడితో అయిపోతుంది. పేజీ తిప్పితే అంచుల దాకా ఒకే బొమ్మ: తెరిచిన తలుపు, వెలుతురు, ఖాళీ వీధి. ఆ బొమ్మలో ఆమె ఉండదు, ఎందుకంటే ఆమె నిలబడిన చోట ఇప్పుడు పాఠకుడు నిలబడి ఉన్నాడు.

గడికీ గడికీ మధ్య ఉండే తెల్లని సందులో మేము ఏమీ గీయం. చేతులు ఆగిన గడికీ పాదాలు కనిపించిన గడికీ మధ్య ఆమె లేచి నిలబడింది. అది నేను గీయలేదు, చదివేవాడు తన మనసులో గీసుకున్నాడు. అమెరికన్ కామిక్స్ చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో అచ్చయిన తన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' పుస్తకంలో ఈ పూరించుకునే పనిని వివరంగా చర్చించి, ఒక గడి నుంచి మరో గడికి కథ దాటే తీరులను ఆరు రకాలుగా విడదీశాడు. ఆ పుస్తకం కూడా బొమ్మల కథ రూపంలోనే ఉండడం నాకెంతో నచ్చిన సంగతి. ఏ క్షణాన్ని చూపించాలన్నది ఎంత ముఖ్యమో, ఏ క్షణాన్ని పాఠకుడికి వదిలిపెట్టాలన్నది అంతకన్నా ముఖ్యమని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ అనుభవంలో తెలుసు. ఎక్కువ చూపిస్తే పాఠకుడికి చేయడానికి ఏమీ మిగలదు, తక్కువ చూపిస్తే దారి తప్పుతాడు.

ఆ ముసలామె పేజీకి తరువాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఎడమ నుంచి కుడికి చదివే పుస్తకాల్లో బేసి సంఖ్య పేజీలు కుడివైపున, సరి సంఖ్య పేజీలు ఎడమవైపున పడతాయి. గడియ మీద వేళ్ళున్న పేజీ 37, ఖాళీ వీధి ఉన్న పేజీ 38 అని ముందే లెక్క వేసుకుని గీశాను. పుస్తకం అచ్చుకు వెళ్ళే ముందు ప్రచురణకర్తలు మొదట్లో ఒక పేజీ తొలిపలుకు చేర్చారు. నాకు చెప్పలేదు, చెప్పవలసిన విషయమని వారికి తోచి ఉండదు. దానితో 37వ పేజీ 38 అయింది, 38వ పేజీ 39 అయింది. పుస్తకం తెరవగానే రెండూ ఎదురెదురుగా పడ్డాయి. ఆమె చేతులు ఆగకముందే, చెప్పు వెతుక్కోకముందే, కుడివైపు పేజీ నిండా ఖాళీ వీధి పాఠకుడి కంట్లో పడుతోంది. ఆమె ఎవరికోసం లేచిందో ఆ మనిషి రాలేదని పాఠకుడికి ఆమెకన్నా ముందే తెలిసిపోతోంది. ఆ పుస్తకంలో పేజీ తిప్పడం మీద ఆధారపడిన ఘట్టాలు మరో పది దాకా ఉన్నాయి, అన్నీ ఇలాగే చెదిరిపోయాయి. పుస్తకం చివర ఎలాగూ ఖాళీ పేజీలు మిగిలాయి. వాటిలో ఒకదాన్ని తొలిపలుకు పక్కకు తెచ్చి ఉంటే లెక్క సరిపోయేది, కాగితం కూడా అదనంగా ఖర్చయ్యేది కాదు.

నేను ఈ విషయం చెప్పినప్పుడు వారు నిజాయతీగానే నొచ్చుకున్నారు. "ఒక్క బొమ్మ కూడా తీసేయలేదు కదమ్మా, అన్నీ ఉన్నాయి కదా" అన్నారు. అన్నీ ఉన్నాయి, నిజమే. పద్యంలో పదాలన్నీ ఉంచి పాదాలు మాత్రం ఎక్కడపడితే అక్కడ విరిస్తే కవికి ఎలా ఉంటుందో నాకు ఆరోజు అలా ఉంది. మాటల రచయిత వాక్యాన్ని అడగకుండా మార్చడానికి ఏ సంపాదకుడూ సాహసించడు. పేజీల వరుస కూడా మా వాక్యనిర్మాణంలో భాగమని ఎవరికీ తెలియకపోవడం వల్లే ఇలా జరుగుతోంది. బొమ్మను అలంకారంగా చూసే అలవాటుకు ఫలితం ఇదే కాబట్టి, సమీక్షలో మిగిలిపోయిన ఒక్క వాక్యాన్నీ, పుస్తకంలో చేరిన ఒక్క పేజీనీ నేను వేరువేరు విషయాలుగా చూడలేకపోతున్నాను.

మాటలు ఉండే బెలూన్ల సంగతి కూడా ఇలాంటిదే. బొమ్మ అంతా గీశాక మిగిలిన ఖాళీలో మాటలు ఇరికిస్తారని చాలామంది అనుకుంటారు. మొదట మాట్లాడే మనిషి ఎడమవైపున లేకపోతే అతని బెలూను తోక రెండో మనిషి బెలూనును దాటుకుని వెళ్ళాలి, అప్పుడు జవాబు ముందూ ప్రశ్న వెనకా చదువుకోవలసి వస్తుంది. కాబట్టి ఎవరు ముందు మాట్లాడతారో చూసుకున్న తరువాతే ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో నిర్ణయిస్తాం. తెలుగులో మరో చిక్కు ఉంది. మన అక్షరానికి పైన గుడి ఉంటుంది, కింద వత్తు ఉంటుంది. రెండు పంక్తులను దగ్గరగా జరిపితే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. ఇంగ్లీషు అక్షరాల కొలతకు గీసిన బెలూనులో అదే సంభాషణను తెలుగులో పెట్టబోతే అక్షరాలు చీమలంత అవుతాయి, లేదా బెలూను పెరిగి వెనకనున్న ముఖాన్ని కప్పేస్తుంది. ఇతర భాషల నుంచి తెలుగులోకి తెస్తున్న బొమ్మల పుస్తకాలను సమీక్షించేటప్పుడు అనువాదం బాగుందో లేదో చూసినట్టే, ఆ అక్షరాలు బొమ్మలో ఎలా కుదిరాయో కూడా చూడాలని నా మనవి. జపాను బొమ్మల కథలైన మాంగాలను కుడి నుంచి ఎడమకు చదువుతారు. వాటిని ఇంగ్లీషులోకి తెచ్చిన తొలి రోజుల్లో పేజీలను అద్దంలో చూసినట్టు తిప్పి అచ్చు వేసేవారు, దాంతో కుడిచేతివాటం పాత్రలన్నీ ఎడమచేతివాటమైపోయేవి. ఇప్పుడు చాలా ప్రచురణ సంస్థలు తిప్పకుండా, మూలంలో ఉన్న దిశలోనే అచ్చు వేస్తున్నాయి. చదివేవారు ఆ కొత్త దిశకు ఇబ్బంది లేకుండా అలవాటుపడ్డారు.

చిత్రకారుడు కథనాన్ని ఎంతగా మార్చగలడో చెప్పడానికి నేను తరచుగా గుర్తుచేసుకునే పేరు బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్. 1955లో అచ్చయిన 'మాస్టర్ రేస్' అనే కథను ఈ అమెరికన్ చిత్రకారుడికి ఆరు పేజీల్లో గీయమని ఇచ్చారు. నాజీల నిర్బంధ శిబిరం జ్ఞాపకాలు వెంటాడుతున్న మనిషి, భూగర్భ రైల్లో ఎదురైన మరో మనిషిని గుర్తుపట్టడం అందులోని విషయం. ఆయన పన్నెండు పేజీలు అడిగాడు, ఎనిమిది ఇచ్చారు. దొరికిన చోటులోనే గడులను సన్నగా చీల్చి, రైలు కదిలే ఒక్క క్షణాన్ని ముక్కలు ముక్కలుగా పరిచి, పాఠకుడి గుండె చప్పుడు పాఠకుడికే వినిపించేటట్టు చేశాడు. కథ ఆయనది కాదు, మాటలు ఆయనవి కావు. ఆ ఎనిమిది పేజీలు ఈనాటికీ ఈ విద్య నేర్చుకునేవారికి పాఠంగా ఉండడానికి కారణం మాత్రం ఆయన కాలాన్ని కోసి పరిచిన తీరే.

ఒకే మనిషి రాసి గీసినప్పుడు ఈ గొడవ తలెత్తదు. ఆర్ట్ స్పీగెల్‌మన్, నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడిన తన తండ్రి కథ 'మౌస్' కోసం మామూలు కాగితం మీద, ఫౌంటెన్ పెన్నుతో, అచ్చులో ఎంత సైజు ఉంటుందో అంతే సైజులో గీశాడు. మేము సాధారణంగా అచ్చు కొలతకన్నా పెద్దగా గీస్తాం, తగ్గించి అచ్చు వేసినప్పుడు గీతలు బిగుతుగా, నున్నగా కనిపిస్తాయి. ఆయనకు ఆ నునుపు అక్కర్లేకపోయింది. తండ్రి చెబుతుంటే కొడుకు రాసుకున్న డైరీలా ఉండాలనుకున్నాడు. ఆ పుస్తకానికి 1992లో ప్రత్యేక పులిట్జర్ బహుమతి వచ్చింది. పెన్ను ఎంపిక కూడా కథనంలో భాగమని ఆ పుస్తకాన్ని చదివినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఇద్దరు కలిసి చేసిన పుస్తకాల్లోనే రెండో మనిషి నీడలోకి జరిగిపోతాడు. ఇది మన దగ్గరే ఉన్న సమస్య కాదు. 1938లో సూపర్‌మ్యాన్‌ను లోకానికి ఇచ్చిన రచయిత జెర్రీ సీగెల్, చిత్రకారుడు జో షూస్టర్ పేర్లు దశాబ్దాల పాటు ఆ పాత్ర మీద కనిపించకుండా పోయి, 1975లో జరిగిన ఒప్పందం తరువాతే తిరిగి వచ్చాయి. 1960లలో అమెరికా కామిక్స్ సంస్థ మార్వెల్ పుస్తకాల్లో కథాసంగ్రహం మాత్రమే విని పేజీలన్నీ గీసిన జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కో వంటివారి వాటా ఎంత అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. అక్కడ చిత్రకారుడు గీసి ఇచ్చిన తరువాతే సంభాషణలు రాసేవారు. అలాంటప్పుడు కథ చెప్పింది ఎవరు అన్న ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేయదగినది కాదు.

ఒక పాత్ర ముఖాన్ని ఒక పుస్తకంలో ఐదారు వందల సార్లు గీయవలసి ఉంటుందని, పక్క నుంచీ పై నుంచీ వెనక నుంచీ చూసినా, ఏడ్చినా నవ్వినా, పదేళ్ళు పెద్దదైనా అది అదే మనిషి ముఖమని పాఠకుడికి ఆలోచించకుండానే తెలియాలని మా పని చూడనివారికి తోచకపోవచ్చు. ఆ ముసలామె ఎడమ చేతి చిటికెన వేలు కాస్త వంగి ఉంటుంది. స్క్రిప్టులో అది లేదు. మొదటి అధ్యాయంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ వేలు తలుపు సందులో నలిగినట్టు ఒక చిన్న గడిలో గీశాను, ఎక్కడా మాటల్లో చెప్పలేదు. ఆ వంగిన వేలు చివరికి గడియ మీద పడినప్పుడు గుర్తుపట్టిన పాఠకులు కొందరు నాకు ఉత్తరాలు రాశారు. బొమ్మలను చదివేవాళ్ళు ఉన్నారన్న ధైర్యం నాకు వాళ్ళ వల్లే కలిగింది.

అందువల్ల నేను కోరేది పెద్దదేమీ కాదు. బొమ్మల పుస్తకాన్ని సమీక్షించేవారు ఒక్కసారి మాటలను చేత్తో మూసి, బొమ్మలను మాత్రమే వరుసగా చూసుకుంటూ పోవాలి. కథ ఎక్కడ నెమ్మదించిందో, ఎక్కడ వేగం పుంజుకుందో, ఏ గడి దగ్గర తమ కన్ను వెనక్కి మళ్ళిందో గమనించి అదే రాయాలి. చిత్రకళ పరిభాష ఏదీ తెలియనవసరం లేదు. గీత బాగుందనో రంగులు కంటికి ఇంపుగా ఉన్నాయనో రాయడం కన్నా, ఈ పేజీలో నేను ఎందుకు ఆగిపోయాను అని రాస్తే అది చిత్రకారుడికీ పాఠకుడికీ కూడా పనికివస్తుంది. బొమ్మలు దెబ్బతిన్నచోట ఆ మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. ముఖాలు కలగాపులగమైతే, ఏ బెలూను ముందు చదవాలో తెలియకపోతే, యుద్ధంలో ఎవరు ఎటు పరుగెత్తుతున్నారో అర్థం కాకపోతే అవన్నీ కథనదోషాలే. రాతలో లోపాన్ని ఎత్తిచూపినంత సూటిగా వాటినీ ఎత్తిచూపితే మేము నేర్చుకుంటాం. ఒక్క వాక్యపు మెప్పుదల నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు.

ప్రచురణకర్తలు మీ పత్రిక చదువుతారు కాబట్టి వారికి కూడా ఒక మాట. పేజీలు చేర్చినా తీసినా, అచ్చుకు పంపే ముందు చిత్రకారులకు ఒకసారి చూపించండి.

చివరిగా మీకు ఒక విన్నపం. గత వారం సమీక్షలో రాకుండా పోయిన చిత్రకారుడి పేరును వచ్చే వారం సవరణగా అయినా ప్రచురించండి. దాని కోసం వెతకనవసరం లేదు; సమీక్ష పక్కన మీరు వేసిన అట్ట ఫోటోలోనే, రచయిత పేరుకు సరిగ్గా కింద, అదే సైజు అక్షరాల్లో ఉంది.

భవదీయురాలు,
ఒక బొమ్మల కథల చిత్రకారిణి